ముందు షాక్ కారుతోందా? ఇంట్లోనే తక్కువ ఖర్చుతో ఫోర్క్ సీల్ బాగు చేసుకోండి

ముందు చక్రం పక్కన ఫోర్క్ బాటమ్ (ముందు షాక్ కింది అల్యూమినియం భాగం) మీద జిడ్డు పేరుకుని, దాని మీద దుమ్ము నల్లగా అట్టకట్టిందంటే షాక్ కారుతున్నట్టే. మెకానిక్ దగ్గరికి వెళ్తే "రెండు సీళ్ళూ మార్చేద్దాం సార్" అంటాడు, మారుస్తాడు, కొన్నాళ్ళు బాగానే ఉంటుంది, ఒక వానాకాలం గడిచేసరికి మళ్ళీ అదే జిడ్డు. సీల్, అంటే లోపలి ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు, నాసిరకందేమో అని తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు సీల్‌ది కాదు. దాన్ని కోస్తున్నదేదో పైపు మీదే ఉంటుంది, అది చూడకుండా ఎన్ని కొత్త సీళ్ళు వేసినా డబ్బు దండగే. అందుకే పైసా ఖర్చులేని పనితో మొదలుపెట్టి, అది కుదరకపోతే పైపు చూసి, ఆ తర్వాతే సీల్ జోలికి వెళ్దాం.

ఇదంతా స్ప్లెండర్, షైన్, యూనికార్న్, పల్సర్ 150 లాంటి మామూలు ఫోర్క్ ఉన్న బళ్ళ కోసం, అంటే పైన మెరిసే స్టీల్ పైపు, అది దూరే అల్యూమినియం బాటమ్ కింద ఉండేవి. కేటీఎం డ్యూక్‌లా లావు భాగం పైన, సన్నపైపు కింద ఉండే తలకిందుల ఫోర్క్ అయితే ఇంట్లో విప్పకండి. దాని పనిముట్లు వేరు, అందులో కారిన ఆయిల్ నేరుగా బ్రేక్ మీదికే దిగుతుంది.

నిజంగా కారుతోందా?

ముందు పైపునీ బాటమ్‌నీ పాత బనియన్ గుడ్డతో శుభ్రంగా తుడవండి. బండి దిగి, ముందు బ్రేక్ పట్టుకుని హ్యాండిల్‌ని ఓ పదిసార్లు గట్టిగా కిందికి నొక్కి వదలండి. ఇప్పుడు పైపు మీద చూడండి. వేలితో రాస్తే తెలిసీ తెలియనంత సన్నటి తడి ఉంటే అది సహజమే, సీల్ ఎండిపోకుండా ఆ పొర ఉండాలి కూడా. అలాకాకుండా పైపు చుట్టూ ఉంగరంలా ఆయిల్ గీత లేచినా, ఒకవైపు నుంచి బొట్టు జారినా అది లీకే. ఆ గీత చుట్టూ సమానంగా ఉందా, ఒక్క చోటే ఉందా అన్నది గుర్తుపెట్టుకోండి. ఒక్క చోటే కారుతుంటే అక్కడ మట్టో గాటో ఉండే అవకాశం ఎక్కువ, చుట్టూ కారుతుంటే రబ్బరు గట్టిపడి అరిగిపోయి ఉంటుంది.

ఆయిల్ గనక డిస్క్ ప్లేట్ దాకా, బ్రేక్ ప్యాడ్ల దాకా పోయి ఉంటే ఇక బండి తీయకండి. ఆయిల్ పీల్చుకున్న ప్యాడ్లు ఎంత తుడిచినా మళ్ళీ పట్టవు, మార్చాల్సిందే. డిస్క్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనో బ్రేక్ క్లీనర్ స్ప్రేతోనో తుడిస్తే సరిపోతుంది.

ఎక్స్‌రే ఫిల్మ్ ముక్కతో

సీల్ అంటే లోపల లోహపు రింగు ఉన్న రబ్బరు. దాని లోపలి అంచు, పెదవి అందాం, పైపుని చుట్టూ పట్టుకుని ఉంటుంది, ఆ పట్టు సడలకుండా వెనకాల సన్నటి స్ప్రింగు చుట్టి ఉంటుంది. పైనుంచి మట్టి రాకుండా దానిమీద ఇంకో డస్ట్ సీల్. నాట్ల కాలంలో పల్లె రోడ్ల మీద ట్రాక్టర్ దమ్ము చక్రాలు ఈడ్చుకొచ్చిన నల్లరేగడి చూశారుగా, అది పైపు మీద చిట్లి ఎండిపోతుంది, బండి గుంతలో పడగానే పైపు లోపలికి దూరుతూ ఆ మట్టిని కూడా పెదవి కిందికి లాక్కుపోతుంది. ఒక్క ఇసుక రేణువు పెదవి కింద ఇరుక్కుంటే చాలు, పక్కనుంచి ఆయిల్‌కి దారి దొరుకుతుంది. సీల్ పాడైపోలేదు, దాన్ని పైపుకి అంటకుండా రేణువు ఎత్తి పెట్టిందంతే.

ఇంట్లో పాత ఎక్స్‌రే ఫిల్మ్ ఒకటి ఉండే ఉంటుంది. బాగా పాతకాలపు కెమెరా నెగటివ్ అయినా పర్లేదు. అదీ లేకపోతే కూల్‌డ్రింక్ సీసా నడుం దగ్గర సాఫీగా ఉన్న ప్లాస్టిక్. మూడు వేళ్ళ వెడల్పున, జానెడు కంటే కాస్త తక్కువ పొడవున ముక్క కోయండి. ఒక చివర, అంచు పక్కన చిన్న కొక్కెం వచ్చేలా కత్తెరతో గాటు పెట్టండి. కోసిన అంచులు వేలితో తడిమి చూసి, గరుకు తగిలితే 1000 నంబరు వాటర్ పేపర్ మీద రెండుసార్లు రాయండి, లేకపోతే ఈ ముక్కే సీల్‌ని గీరుతుంది.

సన్నటి స్క్రూడ్రైవర్‌కి గుడ్డ చుట్టి డస్ట్ సీల్‌ని నెమ్మదిగా పైకి లేపండి. పైపు మీద గీత పడకూడదు, పైపు మీద గీత అంటే సీల్ మీద కోత అన్నట్టే. డస్ట్ సీల్ పైకి జరిగాక కింద గూట్లో చేరిన బురదనంతా పాత టూత్‌బ్రష్‌తో, గుడ్డతో తీసేయండి. పెట్రోల్ కొట్టి కడగకండి, మట్టి ఇంకా లోపలికి దిగుతుంది. ఫిల్మ్ ముక్కకు కాస్త ఆయిల్ రాసి, పైపుని ఆనించి, కొక్కెం ఉన్న చివరని సీల్ పెదవికీ పైపుకీ మధ్య కిందికి జార్చండి. కొద్దిగా బిగువు తగిలి తర్వాత వదులైనట్టు అనిపించినప్పుడు పెదవి దాటినట్టు. అక్కడినుంచి పైపు చుట్టూ ఒక రౌండు తిప్పి, కొక్కెంతో మట్టిని పట్టుకునేలా పైకి లాగండి. ఫిల్మ్ చివర నల్లటి పేస్టులాంటిది వస్తుంది, అందులోనే కంటికి మెరుపు కొట్టే ఇసుక కూడా. తుడిచి మళ్ళీ దించండి. ఫిల్మ్ శుభ్రంగా బయటికి వచ్చేదాకా ఇదే పని.

తర్వాత పైపు తుడిచి, మళ్ళీ పదిసార్లు నొక్కి చూడండి. ఈమధ్యే మొదలైన లీకు, అందులోనూ వానలు పడ్డాక మొదలైంది అయితే చాలాసార్లు ఇక్కడితోనే పని అయిపోతుంది. డస్ట్ సీల్ లోపల కొంచెం సిలికాన్ గ్రీజు రాసి కిందికి నొక్కేయండి. రెండు రోజులు నడిపి చూడండి.

పైపు మీద గోరు పెట్టి చూడండి

లీకు ఆగలేదా, సీల్ కొనడానికి బయల్దేరకముందు పైపు చూడండి. పైపులో ఏ భాగం ఎప్పుడూ ఎక్కువగా లోపలికీ బయటికీ కదులుతుందో, అంటే బాటమ్ అంచు నుంచి పైకి ఓ నాలుగైదు అంగుళాల దాకా, అక్కడ గోటితో నిలువునా గీస్తూ చుట్టూ తిరగండి. గోరు ఎక్కడ తట్టుకుంటే అక్కడ ఆగండి. కంటికి కనపడని తుప్పు గుంత గోటికి దొరుకుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉప్పుగాలికి ఆరుబయట నిలిపే బళ్ళకు ఈ జబ్బు ఎక్కువ. ముందు పైపు మీద క్రోమ్ కింద చిన్న చుక్కలు లేస్తాయి, తర్వాత క్రోమ్ ఊడి సూదిమొన అంత గుంతలవుతాయి, వాటి అంచులే సీల్‌ని ఆకురాయిలా అరగదీస్తాయి.

గోరు ఆగేది పైకి లేచిన తుప్పు మీదో, రాయి తగిలి లేచిన చిన్న అంచు మీదో అయితే 1500 నంబరు వాటర్ పేపర్‌ని ఆయిల్‌లో తడిపి, అంత మేర మాత్రమే, పైపు చుట్టూ అడ్డంగా రాయండి. నిలువుగా రాస్తే ఆ సన్నగీతల వెంటే ఆయిల్ పైకి పాకుతుంది. తర్వాత 2000 నంబరుతో ఇంకాస్త. గుంత ఉంటే దాన్ని నింపాలి: లోపలి తుప్పుని సూదితో గీకి, ఐసోప్రొపైల్‌తో తుడిచి, అరల్డైట్ లాంటి రెండు ట్యూబుల జిగురు కలిపి గుంతలో ఒక చుక్క పెట్టి, రాత్రంతా గట్టిపడనిచ్చి, పొద్దున్నే పైపు మట్టానికి వచ్చేలా వాటర్ పేపర్‌తో రాయాలి. ఇది శాశ్వతం కాదు, ఒకటి రెండు గుంతలకు మాత్రం బాగానే నడుస్తుంది. పైపంతా గుంతలే అయితే ఈ తంటాలేవీ వద్దు. కొత్త పైపు కొనడమో, దగ్గర్లో హార్డ్ క్రోమ్ చేసేవాళ్ళుంటే మళ్ళీ క్రోమ్ వేయించడమో చేయండి, మామూలు 100 సీసీ బండికైతే బయటి కంపెనీ కొత్త పైపే చవక పడుతుంది. విజయవాడ ఆటోనగర్, హైదరాబాద్ పుత్లీబౌలి లాంటి చోట్ల బండి పేరూ మోడల్ సంవత్సరమూ చెప్తే చూపిస్తారు.

బండి ఎక్కడైనా గుద్దుకుని ఉంటే పైపు వంగి ఉండొచ్చు. విప్పాక దాన్ని మందపాటి గాజు మీదో, వంటింటి గ్రానైట్ గట్టు మీదో దొర్లించండి, కింద వెలుగు సందు ఆడుతూ కనిపిస్తే వంకర ఉన్నట్టు. వంగిన పైపుకి ఎంత మంచి సీల్ వేసినా ఆగదు.

సీల్ మార్చాలంటే ఏం కావాలి

సీళ్ళు జతగానే కొనండి. ఒకటే కారుతున్నా రెండోది కూడా అదే వయసుది, పైగా రెండిటికీ ఆయిల్ ఎలాగూ మార్చాలి. ధర బండిని బట్టి మారినా మామూలు బళ్ళకు జత వందల్లోనే అయిపోతుంది. పాత సీల్ మీద కొలత అచ్చువేసి ఉంటుంది, ఉదాహరణకు 31×43 అంటే లోపల 31, బయట 43 మి.మీ., దాని తర్వాత మూడో అంకె ఉంటే అది మందం. బాటమ్ బోల్ట్‌కి వేసే రాగి వాషర్లు రెండు, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు ఫోర్క్ ఆయిల్ (చాలా బళ్ళకు 10డబ్ల్యూ), అలెన్ కీల సెట్టు, స్పానర్లు, మెడికల్ షాపులో దొరికే 50 మి.లీ. సిరంజి, ఒక పాలిథిన్ కవర్, సీల్ కొట్టడానికి జానెడున్నర పీవీసీ పైపు ముక్క. 31×43 సీల్‌కి 40 మి.మీ. పైపు సరిగ్గా కుదురుతుంది. మిగతా కొలతలకు ప్లంబింగ్ షాపుకి పాత సీల్‌ని పట్టుకెళ్ళి చూసుకోండి, పీవీసీ లోపల ఫోర్క్ పైపు ఆడాలి, బయట సీల్ కంటే చిన్నదవ్వాలి.

పాత మెకానిక్‌లు కొందరు ఫోర్క్‌లో ఇంజిన్ ఆయిల్ పోస్తారు. బండి నడుస్తుంది, కానీ చిక్కదనం ఎక్కువై చిన్నగుంతల మీద చేతులు అదురుతాయి. ఫోర్క్ ఆయిల్ దొరక్కపోతే కార్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో వాడే ఏటీఎఫ్ ఆయిల్ ఎంతో నయం. బ్రేక్ ఆయిల్ మాత్రం పొరపాటున కూడా పోయకండి.

విప్పడం

బండిని సెంటర్ స్టాండ్ వేసి, ఇంజిన్ కింద చెక్క దిమ్మలు పెట్టి ముందు చక్రం గాల్లోకి లేచేలా చేయండి, వెనక క్యారియర్‌ని కిటికీ ఊచకో స్తంభానికో తాడేసి కట్టండి. ఇటుకలు పెట్టకండి, విరుగుతాయి. సైడ్ స్టాండ్ ఒక్కటే ఉన్న బండి అయితే జాకీ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

ఫోర్క్ ఇంకా బండికే ఉండగా చేయాల్సిన పని ఒకటుంది, దాన్ని మర్చిపోతే తర్వాత గంటసేపు కుస్తీ పట్టాలి. బాటమ్ అడుగున లోపలికి ఒక అలెన్ బోల్ట్ ఉంటుంది. పైపు స్ప్రింగు బిగువులో ఉన్నప్పుడే దాన్ని అర చుట్టు వదులు చేయండి. ఫోర్క్ ఊడదీసి స్ప్రింగు తీసేశాక తిప్పితే లోపలి డ్యాంపర్ రాడ్ (ఈ బోల్ట్ బిగిసి ఉండే కడ్డీ) కూడా బోల్ట్‌తో పాటే గిరగిరా తిరుగుతుంది, బోల్ట్ ఊడదు. కొన్ని బళ్ళకు యాక్సిల్ తీస్తే గాని ఈ బోల్ట్‌కి కీ అందదు, అప్పుడు చక్రం తీశాక, ఫోర్క్ టీకి (హ్యాండిల్ దగ్గర రెండు పైపుల్నీ పట్టి ఉంచే క్లాంపు, పైనొకటి కిందొకటి ఉంటాయి) బిగించి ఉండగా, బాటమ్‌ని పైకి నెట్టిపట్టి ఎవరిచేతనైనా వదులు చేయించండి. ఒకవేళ అప్పటికీ తిరుగుతూనే ఉంటే, చీపురుకర్ర చివర చెక్కి పైనుంచి లోపలికి గట్టిగా దిగ్గొట్టి రాడ్‌ని పట్టుకోవచ్చు. పై బోల్ట్‌ని కూడా ఇప్పుడే కాస్త వదులు చేయాలి, పై టీకి పైపుని బిగించే పక్కబోల్ట్ ఉంటే ముందు దాన్ని.

డిస్క్ బ్రేక్ అయితే క్యాలిపర్ (ప్యాడ్లు ఉండే భాగం) విప్పి, తీగతో హ్యాండిల్‌కి వేలాడగట్టండి, బ్రేక్ పైపు మీద బరువు పడకూడదు. ప్యాడ్ల మధ్య చెక్క ముక్క దూర్చండి, పిల్లలు వచ్చి లివర్ నొక్కితే పిస్టన్లు బయటికొచ్చేస్తాయి. మీటర్ కేబుల్, చక్రం, మడ్‌గార్డ్ తీశాక కింది టీ బోల్ట్ వదులు చేసి, ఫోర్క్‌ని అటూ ఇటూ తిప్పుతూ కిందికి లాగండి. ప్రతి దశలోనూ ఫోన్‌తో ఫొటో తీసుకుంటూ పోండి, వాషర్ ఎటువైపుదో సాయంత్రానికి గుర్తుండదు.

పై మూత తీసేటప్పుడు ముఖం దానికి ఎదురుగా పెట్టకండి. కింద స్ప్రింగు ఒత్తుకుని ఉంటుంది, చివరి మర దగ్గర మూత ఎగిరి తగులుతుంది. కొన్ని బళ్ళకు పై బోల్ట్ తీశాక కూడా లోపల వైర్ రింగుతో పట్టిన చిన్న మూత ఉంటుంది, దాన్ని గుడ్డ వేసి గట్టిగా నొక్కిపట్టి రింగు తీయాలి. స్ప్రింగు బయటికి తీసేటప్పుడు దగ్గరగా చుట్టిన చుట్లు ఎటువైపు ఉన్నాయో చూసుకోండి.

ఆయిల్‌ని సీసాలోకి ఒంపండి, కారని వైపుది విడిగా కొలవండి. మాన్యువల్‌లో కొలత దొరక్కపోతే ఇదే మీకు దారి: దానికి లోపల అంటుకుని మిగిలే నాలుగైదు మి.లీ. కలుపుకోవాలి. కారిన వైపుది కొలిస్తే లెక్క తప్పుతుంది.

డస్ట్ సీల్ తీసి, దాని కింది వైర్ క్లిప్‌ని సన్న స్క్రూడ్రైవర్‌తో లేపి, బాటమ్ అలెన్ బోల్ట్ పూర్తిగా విప్పి పైపుని లాగండి. లోపల బుష్‌లు (పైపు జారడానికి వేసే లోహపు రింగులు) ఉన్న ఫోర్క్ అయితే పైపుని టకటకా బయటికి ఊపితే సీల్ దాంతోపాటే ఊడొస్తుంది. బుష్ లేని వాటిలో సీల్ బాటమ్‌లోనే ఉండిపోతుంది. బాటమ్ అంచు మీద చెక్క ముక్క పెట్టి, దాని మీద ఆనించి లావు స్క్రూడ్రైవర్‌తో మెల్లగా చుట్టూ మారుస్తూ లేపండి. రాకపోతే బాటమ్ మీద మరుగుతున్న నీళ్ళు పోయండి, అల్యూమినియం వ్యాకోచించి సీల్‌ని వదులుతుంది.

బిగించడం

అన్నీ కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టండి. సీల్ కూర్చునే గూటిలో గాట్లు, తుప్పు ఉంటే 1000 నంబరుతో రాయండి. కొత్త రాగి వాషర్ దొరక్కపోతే పాతదాన్ని గ్యాస్ పొయ్యి మీద ఎర్రబడేదాకా కాల్చి నీళ్ళలో వేస్తే మళ్ళీ మెత్తబడుతుంది. పైపుని బాటమ్‌లోకి పెట్టి, అలెన్ బోల్ట్ మరకు ఒక చుక్క లాక్‌టైట్ (మర వదులవకుండా పట్టే జిగురు) రాసి బిగించండి. మరీ బలం చూపించకండి.

కొత్త సీల్‌కి లోపలా బయటా ఫోర్క్ ఆయిల్ రాయండి. పైపు పై అంచుకి పాలిథిన్ కవర్ తొడిగి, దాని మీదా ఆయిల్ రాసి సీల్ ఎక్కించండి. ఆ అంచు పదును కొత్త పెదవిని కోసేస్తే ఇంత పనీ మొదటికొస్తుంది. స్ప్రింగు కనిపించే, బోలుగా ఉన్న వైపు కిందికి, అంటే ఆయిల్ వైపు ఉండాలి. నంబర్లు రాసి ఉన్న చదునువైపు పైకి. సీల్‌ని చేత్తో సమంగా కూర్చోబెట్టి, దాని మీద పాత సీల్‌ని పెట్టి, పీవీసీ పైపుని ఆనించి సుత్తితో దింపండి. చుట్టూ సమానంగా, చిన్న దెబ్బలతో. ఒక పక్క ముందు దిగిందంటే ఆపి సరిచేయండి. మొదట్లో దెబ్బకి మొద్దుగా శబ్దం వస్తుంది, సీల్ అడుగుకి ఆనగానే అది టంగుమని మారుతుంది. క్లిప్ గాడి చుట్టూ పూర్తిగా కనిపించాలి. పాత సీల్ లోపల ఇరుక్కుంటే కష్టం కాబట్టి ముందే దాన్ని ఒకచోట బ్లేడుతో, రంపంతో అడ్డంగా కోసి ఉంచుకుంటే పైకి తెరిచి తీసేయొచ్చు. క్లిప్ పెట్టి, అది గాడిలో గట్టిగా కూర్చుందో లేదో స్క్రూడ్రైవర్‌తో తిప్పి చూసి, డస్ట్ సీల్ నొక్కండి.

సిరంజితో కొలిచి ఆయిల్ పోయండి. రెండిటికీ ఒకే కొలత. "కొంచెం ఎక్కువ పోస్తే షాక్ బాగా పనిచేస్తుంది" అనే మాట వినకండి. ఆయిల్ పైన ఉండే గాలి కూడా స్ప్రింగులాగే పనిచేస్తుంది, ఆయిల్ పెరిగితే గాలికి చోటు తగ్గి, పెద్ద గుంతలో లోపలి ఒత్తిడి పెరిగి, మీరు ఇప్పుడే వేసిన సీల్ మీదికే వస్తుంది. ఆయిల్ పోశాక పైపుని మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తే బుడగలు వస్తాయి, అవి ఆగాక స్ప్రింగు, మూత.

ఫోర్క్‌లు టీలోకి ఎక్కించినప్పుడు రెండు పైపులూ ఫొటోలో ఉన్న ఎత్తుకే రావాలి, అక్కడ టీ బోల్ట్‌లు బిగించేయండి. చక్రం పెట్టి యాక్సిల్ నట్‌ని చేత్తో మాత్రమే బిగించి, క్యాలిపర్ ఎక్కించి, ముందు బ్రేక్ లివర్‌ని గట్టిపడేదాకా నొక్కండి. బండిని దింపి, బ్రేక్ పట్టుకుని నాలుగైదుసార్లు ఫోర్క్‌ని ఆడించండి. రెండు కాళ్ళూ వాటికవే సమాంతరంగా సర్దుకుంటాయి. అప్పుడు యాక్సిల్, చివరగా మడ్‌గార్డ్. ఇది తిరగేసి బిగిస్తే ఫోర్క్ మెలి తిరిగి సీల్ ఒక పక్కనే అరుగుతుంది.

మొదటి రోజు పైపు మీద సన్నటి తడిగీత కనిపిస్తే టెన్షన్ పడకండి, బిగించేటప్పుడు రాసిన ఆయిలే అది. తుడిచేయండి. రెండు మూడు రోజులు నడిపాక కూడా అదే వైపు ఉంగరం లేస్తే ఫిల్మ్ ముక్క తీసుకుని మళ్ళీ ఒక రౌండు తిప్పి చూడండి, అప్పటికీ ఆగకపోతే గోటికి దొరకని గుంత ఆ పైపులో ఎక్కడో ఉంది, దాన్ని మార్చేయండి. వానలో తిరిగొచ్చిన రోజు బురద ఎండకముందే పైపులు తడిగుడ్డతో తుడవండి. పైపులకు రబ్బరు బూట్లు (ముడతల తొడుగులు) తొడిగినవాళ్ళు మాత్రం వాటిని అప్పుడప్పుడు పైకి లేపి చూడాలి, లోపల తడి నిలిచి బయటికి కనపడకుండానే తుప్పు పడుతుంది. తీసిన పాత ఆయిల్‌ని కాల్వలో పోయకుండా సీసాలో పట్టి వీధి చివరి మెకానిక్‌కి ఇవ్వండి, ఇంజిన్ ఆయిల్ పారబోసే డ్రమ్ములో పోసుకుంటాడు.